అంచున వ్రాసిన మాట, పీఠికలో చెప్పిన మాట

పాత పుస్తకం చేతికి వచ్చినప్పుడు మనం ముందుగా చూసేది ముఖపత్రం. గ్రంథకర్త పేరు, ముద్రణాలయం పేరు, సంవత్సరం చూసుకొని లోపలికి పోతాము. పుటకు నాలుగు వైపులా వదిలిన ఖాళీ జాగా వైపు చూపు పోదు. ఆ జాగాకు మన భాషలో అంచు అని పేరు. చీర విలువను అంచును బట్టి చెప్పే జాతి మనది. పుస్తకం అంచును మాత్రం బైండు కట్టేవాడి కత్తికి వదిలివేశాము.

చదువరి తన అభిప్రాయాన్ని వ్రాసుకొనే చోటు ఆ అంచే. గ్రంథకర్త చెప్పిన దానికి చదువరి ఇచ్చిన జవాబు అక్కడ దొరుకుతుంది. ఆ చదువరి స్త్రీ అయినప్పుడు, ముఖ్యంగా ఆమె మాటను అచ్చువేసే వారు తక్కువగా ఉన్న కాలంలో, అంచున వ్రాసిన నాలుగు మాటలు చరిత్రకు గొప్ప ఆధారాలవుతాయి. ఈ వ్యాసంలో ఇద్దరు పాఠకురాళ్లను గురించి చెప్పదలచాము. ఒకామె ఇంగ్లండు దేశస్థురాలు, మేరీ ఆస్టెల్. ఇంకొకామె మైసూరు సంస్థానంలోని నంజనగూడులో పుట్టిన బెంగళూరు నాగరత్నమ్మ. మొదటి ఆమె వ్రాతలు పుస్తకాల అంచున దాదాపు మూడు వందల ఏండ్లు ఎవరి కంటా పడకుండా ఉండిపోయాయి. రెండవ ఆమె తన అభిప్రాయాన్ని పీఠికగా అచ్చువేయించింది. అది వెంటనే అందరి కంటా పడింది. ఆమె అచ్చువేయించిన పుస్తకాన్ని పోలీసులు పట్టుకుపోయారు.

మేరీ ఆస్టెల్ పుస్తకాలు

మేరీ ఆస్టెల్ 1666లో ఉత్తర ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణంలో బొగ్గు వ్యాపారుల కుటుంబంలో పుట్టింది. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. మతాచార్యుడైన పినతండ్రి దగ్గర ఆమె చదువుకొన్నదని చెబుతారు. ఆ కాలంలో ఆడపిల్లలకు విశ్వవిద్యాలయం లేదు. ఇరవై ఏండ్లు దాటిన తరువాత ఆమె ఒంటరిగా లండనుకు వచ్చి, చెల్సీలో స్థిరపడి, పెండ్లి చేసుకోకుండా జీవించి, 1731లో మరణించింది.

స్త్రీల చదువు కొరకు ప్రత్యేకంగా ఒక విద్యాలయం కావాలని ప్రతిపాదిస్తూ ఆమె 1694లో ఒక గ్రంథం ప్రకటించింది. స్త్రీలలో కనిపించే లోపాలకు ప్రకృతి కారణం కాదనీ, వారికి చదువు చెప్పని ఆచారమే కారణమనీ ఆమె వాదం. 1700లో వివాహవ్యవస్థను గురించి మరొక గ్రంథం వచ్చింది. రాజ్యంలో ఒక్కడి నిరంకుశాధికారం తప్పని చెప్పేవారు కుటుంబంలో దానిని ఎట్లా సమర్థిస్తారని అందులో ఆమె నిలదీసింది. ఆమె కోరిన విద్యాలయం ఏర్పడలేదు. 1709లో చెల్సీలో పేద బాలికలకు ఒక పాఠశాల మాత్రం ఆమె నడపగలిగింది.

ఇవన్నీ అచ్చయిన గ్రంథాల ద్వారా తెలిసినవే. 2021లో కొత్త సంగతి ఒకటి బయటపడింది. కేంబ్రిడ్జిలోని మాడ్లిన్ కళాశాల పాత గ్రంథాలయంలో ఆమె సొంత పుస్తకాలు, కరపత్రాలు కలిపి 47 ఉన్నట్లు అక్కడి ఉపగ్రంథపాలకురాలు కేథరిన్ సదర్లాండ్ గుర్తించారు. వాటిలో చాలా ప్రతులలో ఆస్టెల్ చేతివ్రాత ఉన్నది. అన్నింటికంటె ముఖ్యమైనది డెకార్ట్ వ్రాసిన తత్త్వశాస్త్ర సూత్రాల గ్రంథానికి ఫ్రెంచి ప్రతి. పేరుకు తత్త్వగ్రంథమైనా అందులో పదార్థం, చలనం, గ్రహాలు, భూమి మొదలైన ప్రకృతిశాస్త్ర విషయాలే ఎక్కువ. ఆ పుటల అంచుల్లో ఆమె వివరంగా వ్యాఖ్యలు వ్రాసుకొన్నది. వాటిని చూచిన తరువాత ఆమెకు విజ్ఞానశాస్త్రంలో ఎంత పట్టు ఉన్నదో తెలిసివచ్చింది. అంతవరకు ఆమెను స్త్రీవిద్య కోరిన ధర్మపరురాలిగా, తత్త్వవేత్తగా మాత్రమే చూసేవారు.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. స్త్రీకి పురుషుడితో సమానమైన బుద్ధి ఉన్నదని గ్రంథంలో వాదించడం ఒకటి. డెకార్ట్ పుట పక్కన కూర్చొని ఆ బుద్ధిని వినియోగించి చూపడం మరొకటి. మొదటిది వాదమైతే రెండవది దానికి సాక్ష్యం. ఆ సాక్ష్యం ఎవరికీ చూపడానికి వ్రాసినది కాదు కనుక దాని విలువ ఇంకా ఎక్కువ. రెండవ సంగతి, ఆ పుస్తకాలు ఒకేచోట నిలిచి ఉండటం. విడివిడిగా చెదిరిపోయి ఉంటే ఒక్కొక్క ప్రతి అంచులోని వ్రాత ఎవరో తెలియని చదువరి వ్రాతగానే మిగిలేది. సంచయంగా ఉన్నందువల్లనే అది ఒక వ్యక్తి మనసుగా కనిపించింది.

ఆ పుస్తకాలను దాచిన మాడ్లిన్ కళాశాల కేంబ్రిడ్జిలోని పురుషుల కళాశాలలలో స్త్రీలను చేర్చుకొన్న వాటిలో చివరిది. 1988లో మొదటి విద్యార్థినులు వచ్చిన రోజున కొందరు విద్యార్థులు చేతికి నల్లగుడ్డ కట్టుకొని సంతాపం తెలిపారు. స్త్రీవిద్యాలయం కోరిన ఆమె పుస్తకాలు అప్పటికే ఆ గోడల లోపల ఉన్నాయి.

మన వ్రాతప్రతుల అంచు

మన భాషలో ఇట్లాంటి అంచు వ్రాతలు ఎక్కడ ఉన్నాయని విద్యార్థులు అడుగుతారు. జవాబు చెప్పేముందు మన పుస్తకం రూపం గుర్తుచేసుకోవాలి. తాటాకు వెడల్పు ఒకటి రెండు అంగుళాలు. దాని మీద గంటంతో గీసి, ఆ గీతలలో మసి పూసి అక్షరాలు కనిపించేటట్లు చేస్తారు. తాడు పోవడానికి వేసిన రంధ్రం, ఆకు సంఖ్య పోగా మిగిలే ఖాళీ బహు స్వల్పం. గంటంతో వ్రాయడం కలం పట్టినంత సులభం కాదు. కనుక చదువుతూ చదువుతూ అభిప్రాయం గీసుకొనే వీలు తక్కువ. ప్రతి చివర లేఖకుడు తన పేరు, ఊరు, తిథి చెప్పి తప్పులు మన్నించమని వేడుకోవడం మాత్రం ఉన్నది. ఆ లేఖకులు దాదాపు అందరూ పురుషులే.

కాగితం వచ్చింది, ముద్రణ వచ్చింది. అంచు వెడల్పయింది. అయితే పంతొమ్మిదవ శతాబ్దిలో కావ్యాలు చదవగలిగిన స్త్రీలు ఎవరు? కొన్ని పండిత కుటుంబాలలోని వారిని మినహాయిస్తే, సంగీత సాహిత్యాలను వృత్తిగా నేర్చిన దేవదాసీలు, భోగం కులం వారు. వారి ఇండ్లలోని పుస్తకాలను గ్రంథాలయాలు అడిగి తెచ్చుకోలేదు. ఈ పరిస్థితిలో మనకు ఒక పాఠకురాలి అభిప్రాయం పూర్తిగా దక్కింది. అది పుట అంచున కాక పుస్తకం ముందు పీఠికగా దక్కింది.

ముద్దుపళని, ఆమె గ్రంథం

తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడు 1739 నుంచి 1763 వరకు పాలించాడు. రాజు ఇంటి భాష మరాఠీ, దేశభాష తమిళం. కొలువులో కావ్యభాషగా తెలుగు నాయకరాజుల నాటి నుంచి కొనసాగుతూనే ఉన్నది. ఆ కొలువులోని కవయిత్రి ముద్దుపళని. ఆమె నాలుగు ఆశ్వాసాలలో, 584 పద్యగద్యాలతో రాధికా సాంత్వనము వ్రాసింది. దీనికే ఇళాదేవీయము అని మరొక పేరు. ఆండాళ్ తిరుప్పావైని కూడా ఆమె తెనిగించింది.

కథ చిన్నది. రాధ తాను పెంచిన ఇళాదేవిని కృష్ణుడికిచ్చి పెండ్లి చేస్తుంది. తరువాత ఆ ఎడబాటు ఓర్వలేక అలుగుతుంది. కృష్ణుడు వచ్చి ఆమెను అనునయిస్తాడు. శృంగారం మన ప్రబంధాలకు కొత్త కాదు. ఇక్కడ కొత్తదనం ఏమిటంటే, కోరిక చెప్పుకొనేది, అలిగేది, చొరవ తీసుకొనేది స్త్రీ. అది వ్రాసినదీ స్త్రీయే. అవతారికలో కవులు తమ వంశవృక్షం చెప్పుకొనడం సంప్రదాయం. ముద్దుపళని తన ఇంటి విదుషీమణులను చెప్పుకొన్నది. కవులు తనకు కావ్యాలు అంకితమిచ్చిన సంగతి, పండితులను తాను సత్కరించిన సంగతి కూడా సంకోచం లేకుండా చెప్పింది.

ఈ కావ్యాన్ని 1887లో పైడిపాటి వెంకటనరసు అచ్చువేయించారు. 1907లో అది పునర్ముద్రణ పొందింది. ఆ ముద్రణలో అవతారిక లేదు, కొన్ని పద్యాలూ లేవు. అంటే కావ్యం ఉన్నది గాని, దానిని వ్రాసిన స్త్రీ తన గురించి, తన ముందుతరం స్త్రీల గురించి చెప్పుకొన్న మాట లేదు.

నాగరత్నమ్మ చదువు

నాగరత్నమ్మ 1878లో నంజనగూడులో దేవదాసీ కుటుంబంలో పుట్టింది. తల్లి పుట్టలక్ష్మమ్మ పట్టుదలతో ఆమెకు మైసూరులో సంస్కృతం, సంగీతం చెప్పించింది. కన్నడ దేశంలో పెరిగిన ఆ బిడ్డ తెలుగు కూడా శ్రద్ధగా నేర్చుకొన్నది. పదునాలుగేండ్ల ప్రాయంలో తల్లి పోయింది. మైసూరు ఆస్థానంలో, బెంగళూరులో పేరు తెచ్చుకొని, తరువాత మద్రాసు చేరి ఆ కాలపు గొప్ప గాయనులలో ఒకరయింది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి తన ధనంతో మందిరం కట్టించినదీ ఆమెయే. స్వామి ఆరాధనలో స్త్రీలు పాడకూడదన్నప్పుడు ఆమె స్త్రీల పక్షాన వేరుగా ఆరాధన నడిపింది.

ఆమె గానాన్ని గురించి అందరూ చెబుతారు. ఆమె చదువరితనాన్ని గురించి చెప్పేవారు తక్కువ. తంజావూరు కాలపు సాహిత్యాన్ని గురించి చదువుతుండగా ముద్దుపళని పేరు ఆమెకు తటస్థపడింది. పుస్తకం కొరకు వెతికింది. దొరికిన అచ్చుప్రతి చదవడానికి అనువుగా లేదు. ఆ తరువాత వ్రాతప్రతి సంపాదించి, అచ్చుప్రతితో పోల్చి చూసింది. పోయిన అవతారిక, పోయిన పద్యాలు అప్పుడు కనిపించాయి.

ఇక్కడే ఆస్టెల్‌కు, ఈమెకు పోలిక. ప్రతిని ప్రతితో పోల్చేవారు చేసే పని అంచు మీద పనియే. ఈ చరణం ఇక్కడ లేదు, ఈ పాఠం వేరు, ఇది తొలగించినారు అని గుర్తు పెట్టుకొంటూ పోవడమే. నాగరత్నమ్మ పోల్చి తేల్చిన ఫలితం 1910లో వావిళ్ల రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్ వారి ముద్రణగా మద్రాసులో వెలువడింది. దానికి ఆమె పీఠిక వ్రాసింది.

పీఠికలోని వాదం

ఆ పీఠిక ఒక పెద్దమనిషికి జవాబు. కందుకూరి వీరేశలింగం పంతులు ఆంధ్ర కవుల చరిత్రములో ముద్దుపళని సంస్కృతాంధ్ర పరిజ్ఞానాన్ని, శైలి మార్దవాన్ని మెచ్చుకొన్నారు. అయినా స్త్రీ నోట రాకూడనివీ, స్త్రీ వినకూడనివీ ఈ గ్రంథంలో ఉన్నాయని కఠినంగా నిందించారు, ఆమె నడతను కూడా దూషించారు. ఆ మాట అన్నది ఎవరు? 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టిన వారు, 1881లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించిన వారు. స్త్రీలకు ఆయన చేసిన ఉపకారం ఎవరూ కాదనలేనిది. అందువల్లనే ఈ వివాదం నేటికీ చదవదగినది. స్త్రీకి చదువు కావాలన్న మనిషి, చదువుకొన్న స్త్రీ తనకు నచ్చిన విషయం మీద కావ్యం వ్రాస్తే ఒప్పుకోలేకపోయాడు.

నాగరత్నమ్మ వాదంలో మూడు మెట్లు ఉన్నాయి. మొదటిది, కొలత ఒకటిగా ఉండాలన్నది. సిగ్గు, మర్యాద అన్నవి స్త్రీలకేనా, పురుషకవులకు వర్తించవా అని ఆమె అడిగింది. రెండవది, ప్రతివాది సాక్ష్యాన్నే అతని ముందు పెట్టడం. సారంగు తమ్మయ వైజయంతీ విలాసములో ఇంతకంటె విచ్చలవిడి శృంగారం ఉన్నది కదా, పంతులుగారు దాని ముద్రణకు తామే సమ్మతించారు కదా అని గుర్తుచేసింది. మూడవది, తాను ఎవరో దాచుకోకపోవడం. ఈ గ్రంథం వ్రాసినది స్త్రీ అనీ, అందులోనూ తన కులంలో పుట్టిన స్త్రీ అనీ, అందువల్ల తనకు దీనిమీద ప్రత్యేకమైన ప్రీతి ఉన్నదనీ ఆమె చెప్పుకొన్నది. ఎన్నిసార్లు చదివినా తనివి తీరని కావ్యమని మెచ్చుకొన్నది.

భాషాశాస్త్రం చదివినవారుగా మాకు ఈ వాదంలో నచ్చేది దాని ప్రశ్నార్థక రూపం. ఆమె తీర్పులు తక్కువ చెబుతుంది, ప్రశ్నలు ఎక్కువ వేస్తుంది. అధికారం లేనివారు అధికారం ఉన్నవారిని ఎదిరించేటప్పుడు మన భాషలో ఎక్కువగా వాడే పద్ధతి ఇదే. "మీరే చెప్పండి" అన్నప్పుడు మర్యాదా తప్పదు, మాటా తగ్గదు.

నిషేధం, ఆ తరువాత

పుస్తకం వెలువడిన వెంటనే పత్రికలో దాడి మొదలైంది. వ్రాసినది ఒక వేశ్య, అచ్చు వేయించినది మరొక వేశ్య అన్నదే ఆ దాడి సారం. 1911లో ప్రభుత్వం అశ్లీలమని తేల్చి ప్రతులను స్వాధీనం చేసుకొన్నది. పండితులు పలువురు ప్రకాశకుల పక్షాన ప్రభుత్వానికి విన్నపం చేసుకొన్నారు, ఫలితం లేకపోయింది. 1947లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి చొరవతో నిషేధం తొలగింది. 1952లో వావిళ్ల వారు గ్రంథాన్ని మళ్లీ ముద్రించారు. ఆ ఏడాదే మే 19న నాగరత్నమ్మ కన్నుమూసింది. 1991లో సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో భారతీయ స్త్రీల రచనల సంకలనం ఆంగ్లంలో వచ్చిన తరువాత ఈ కథ తెలుగేతరులకు కూడా తెలిసింది.

స్త్రీవాదం అన్న మాట ఈ ఇద్దరికీ తెలియదు. ఆంగ్లంలో ఆ మాట ఆస్టెల్ తరువాత చాలాకాలానికి వచ్చింది, తెలుగులో 1980ల తరువాతనే వాడుకలో స్థిరపడింది. ఇద్దరినీ నేటి కొలతలకు సరిగ్గా సరిపోయేటట్లు దిద్దడమూ సరికాదు. ఆస్టెల్ రాజభక్తురాలు, చర్చికి విధేయురాలు. పెండ్లి చేసుకొన్న స్త్రీ భర్తకు లోబడవలసినదే అన్నది, కనుక పెండ్లికి ముందే ఆలోచించుకొమ్మన్నది. నాగరత్నమ్మ దేవదాసీ వ్యవస్థను రద్దు చేయాలన్న డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి ప్రయత్నాన్ని వ్యతిరేకించింది. ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో వచ్చింది. ఆ వ్యవస్థలో బాలికలకు జరిగిన అన్యాయం నిజం. తమ విద్య, తమ ఆస్తిహక్కు, తమ మర్యాద ఏమవుతాయని అడిగిన స్త్రీల భయం కూడా నిజం. ఒకే సంవత్సరం, 1947లో, ఆమె పుస్తకానికి విడుదల దొరికింది, ఆమె కులవృత్తికి తెర పడింది. చరిత్ర చదివేవారు ఈ రెండింటినీ కలిపి చూడవలసి ఉంటుంది.

విద్యార్థులకు ఒక మాట

తెలుగునాటికి వెలుపల పెరిగి తెలుగు చదువుతున్న విద్యార్థులు కొందరు, తాము ఈ భాషకు అంచున ఉన్నవారమని అనుకొంటారు. ఈ గ్రంథం ప్రయాణం చూడండి. వ్రాసినది తంజావూరులో. పరిష్కరించిన ఆమె పుట్టినది నంజనగూడులో. అచ్చయినది, పట్టుబడినది, విడుదలైనది మద్రాసులో. ఇందులో ఒక్క ఊరు కూడా నేటి రెండు తెలుగు రాష్ట్రాలలో లేదు. మధ్యన కూర్చొన్నవారు వద్దన్న కావ్యాన్ని అంచున ఉన్నవారు కాపాడారు.

మీ ఇండ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు చదివిన భారతాలు, భాగవతాలు, పాటల పుస్తకాలు, వావిళ్ల ప్రతులు ఉంటాయి. బరంపురంలోనైనా, బళ్లారిలోనైనా, షోలాపురంలోనైనా, యానాంలోనైనా అవి ఇంకా అటకల మీద ఉన్నాయి. పాత కాగితాల వాడికి తూకానికి వేసేముందు ఒక్కసారి అంచులు చూడండి. పెన్సిలు గీత ఉన్నదా, పేరు ఉన్నదా, తేదీ ఉన్నదా, ఒక పద్యం పక్కన ఎవరైనా ఒక మాట వ్రాశారా చూడండి. ఆ వ్రాత తెలుగు లిపిలోనే ఉండనక్కరలేదు, కన్నడ, తమిళ, ఒడియా, నాగరి లిపులలో తెలుగు మాట వ్రాసుకొన్నవారు మనలో ఉన్నారు. నకలు తీయించేటప్పుడు అంచు తెగకుండా తీయించండి. బైండు కట్టించవలసి వస్తే అంచు కోయవద్దని చెప్పండి. ఒకరి పుస్తకాలు నాలుగు దొరికితే వాటిని విడదీయకుండా ఒకచోట ఉంచి, ఎవరివో వ్రాసి పెట్టండి.

గ్రంథాలయం పుస్తకాలలో మాత్రం మీరు వ్రాయవద్దు. సొంత పుస్తకంలో వ్రాసుకోండి. నచ్చని చోట ఎందుకు నచ్చలేదో పేరు, తేదీ వేసి వ్రాయండి. నాగరత్నమ్మ వ్రాతప్రతిని అచ్చుప్రతి పక్కన పెట్టి చూడకపోతే, ముద్దుపళని ముందుతరం స్త్రీలు ఎవరో మనకు తెలిసేది కాదు.